ఇంట్లో నిద్రపోతున్న చిల్లర, బజారులో దొరకని చిల్లర

ఈ వారం సాధన వ్యాసానికి నేను తీసుకున్న అంశం చిల్లర. ద్రవ్యోల్బణం, ద్రవ్యలోటు, డిజిటల్ రూపాయి వంటి పెద్ద అంశాలుండగా చిల్లర మీద వ్యాసం ఏమిటని మీలో కొందరు నవ్వుకోవచ్చు. మన భాషలోనే చిల్లర అంటే లెక్కలోకి రానిదని అర్థం స్థిరపడిపోయింది. చిల్లర మనిషి అంటాం, చిల్లర వేషాలంటాం, చిల్లర ఖర్చులంటాం. నేనుండే భిలాయిలో హిందీవాళ్లు కూడా 'చిల్లర్' అనే అంటారు. అందువల్ల నెహ్రూ నగర్‌లో కూరలు కొనే తెలుగు ఇల్లాలికీ, అమ్మే ఛత్తీస్‌గఢీ మనిషికీ మధ్య అనువాదం అక్కర్లేని మాట ఇదొక్కటే. ఇద్దరూ రోజూ అనుకునే మాట కూడా ఇదే: "చిల్లర లేదు."

నా వాదన ముందే చెప్పేస్తాను. ఇంట్లో డబ్బాల్లో పోగుపడే నాణేలను మనం పొదుపు అనుకుంటాం. నిజానికి అది ఆగిపోయిన ప్రవాహం. అలా ఆగడానికి ఇంటివాళ్ల బద్ధకం కొంత కారణం. అంతకంటే పెద్ద కారణం, నాణెం తిరిగి వెళ్లే దారిని మనం సరిగ్గా కట్టుకోకపోవడం. ఆ దారి లేనప్పుడు నష్టపోయేది డబ్బా నిండిన ఇల్లు కాదు. రోడ్డు పక్కన గోనెపట్టా పరిచి కూర్చునే మనిషి.

ఒక ఇంటి లెక్క

అంచనాలతో మొదలుపెట్టడం కంటే లెక్కతో మొదలుపెట్టడం ఇంజినీరింగ్ చదివినవాడికి అలవాటు. మా ఇంట్లో చిల్లర నాలుగు చోట్ల ఉంటుంది: దేవుడి గూట్లో ఇత్తడి గిన్నె, టీవీ కింద స్టీలు డబ్బా, నాన్న స్కూటర్ డిక్కీ, అమ్మ పోపుల డబ్బా వెనకాల ఉండే పాత హార్లిక్స్ సీసా. పోయిన నెల అన్నీ ఒక దుప్పటి మీద పోసి లెక్కపెట్టాను. రూపాయి నాణేలు 212, రెండు రూపాయలవి 131, ఐదువి 64, పదివి 23, అర్ధ రూపాయలు 17 వచ్చాయి. మొత్తం 447 నాణేలు, విలువ 1,032 రూపాయల 50 పైసలు. కూరగాయల త్రాసులో పెడితే రెండు కిలోల పైచిలుకు తూగాయి.

వెయ్యి రూపాయలు మా ఇంటికి పెద్ద మొత్తం కాదు. వడ్డీ పోయిందని బాధపడాల్సినంత కూడా లేదు. కానీ ఇక్కడ చూడాల్సింది విలువ కాదు, సంఖ్య. 447 నాణేలంటే 447 లావాదేవీలకు సరిపడే వస్తువు. మా వీధిలో వంద ఇళ్లున్నాయనుకుందాం, ప్రతి ఇల్లూ మా ఇంటిలాంటిదే అనుకుందాం. అప్పుడు ఒక్క వీధిలోనే 44,700 నాణేలు నిద్రపోతున్నట్టు. అదే వీధి చివర టీ బండి దగ్గర మాత్రం మూడు రూపాయల చిల్లరకు బదులు ఒక చాక్లెట్ చేతిలో పెడతారు.

అర్థశాస్త్రంలో నిల్వ, ప్రవాహం అని రెండు మాటలు చదువుకుంటాం. నాణెం పని ప్రవాహంలో ఉంది. నోటుకు నిల్వగా కూడా కొంత ఉపయోగం ఉంటుంది, బీరువాలో దాచుకోవచ్చు. రూపాయి నాణేన్ని దాచుకున్నందువల్ల దాచుకున్నవాడికి దక్కేది దాదాపు ఏమీ లేదు, దొరకనివాడికి మాత్రం నష్టం ఉంది. ఒకరికి లాభం లేకుండా మరొకరికి నష్టం కలిగించే ఏర్పాటు కంటే అసమర్థమైన ఏర్పాటు ఇంకేం ఉంటుంది?

మాటల్లో మిగిలిన నాణేలు

కొంచెం చరిత్ర చూద్దాం. 1957 ఏప్రిల్ 1కి ముందు రూపాయికి 16 అణాలు, 64 పైసలు, 192 దమ్మిడీలు. నాణేల చట్టానికి 1955లో చేసిన సవరణ 1957లో అమల్లోకి వచ్చాక రూపాయికి నూరు 'నయా పైసలు' అయ్యాయి. 1964 జూన్‌లో 'నయా' పోయి పైసా మిగిలింది. 2011 జూన్ 30 నుంచి 25 పైసలు, అంతకన్నా చిన్న నాణేలు చెల్లుబాటు కోల్పోయాయి. అర్ధ రూపాయి మాత్రం చట్టం ప్రకారం ఈ రోజుకీ చెల్లుతుంది. బజారులో చెల్లదన్న సంగతి మీకు తెలుసు.

తెలుగులో మాత్రం ఈ నాణేలేవీ చావలేదు. పావలా కోడికి ముప్పావలా మసాలా అంటాం. దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదంటాం. నాణేల కంటే ముందు కాలపు గవ్వ కూడా 'చిల్లిగవ్వ లేదు' అన్న మాటలో బతికే ఉంది. 2004 తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మహిళా సంఘాలకు 'పావలా వడ్డీ' ఇచ్చింది. నెలకు నూటికి పావలా, అంటే ఏడాదికి 3 శాతం. పావలా నాణెం పోయినా, పావలా వడ్డీ అంటే ఎంతో చదువురాని మనిషికి కూడా తెలుసు. చిన్న నాణెం సామాన్యుడికి లెక్క నేర్పే బడి అని దీన్నిబట్టి తెలుస్తోంది. శాతాలు అర్థం కానివాళ్లకు కూడా పావలా, అర్ధ, ముప్పావలా అర్థమవుతాయి.

ఇంకా వెనక్కి వెళ్తే కౌటిల్యుడి అర్థశాస్త్రంలో టంకశాలకు 'లక్షణాధ్యక్షుడు', చలామణీలో ఉన్న నాణేలను పరీక్షించడానికి 'రూపదర్శకుడు' అని ఇద్దరు అధికారులు కనిపిస్తారు. నాణెం కొట్టడం ఒక పని. అది మంచిదేనని జనానికి నమ్మకం కలిగించడం వేరే పని. రెండింటికీ వేర్వేరు మనుషులు కావాలని ఆ కాలంలోనే గుర్తించారు. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, కింద పది రూపాయల నాణెం దగ్గర మళ్లీ పనికొస్తుంది.

చట్టం ఏం చెబుతోంది

ప్రిలిమ్స్‌కు కూడా పనికొచ్చే భాగం ఇది. కరెన్సీ, నాణేలు, చట్టబద్ధ చెల్లుబాటు అన్నవి ఏడో షెడ్యూలులోని కేంద్ర జాబితాలో 36వ అంశం. నోట్లు జారీ చేసేది రిజర్వ్ బ్యాంకు. నాణేలు కొట్టించే హక్కు మాత్రం కేంద్ర ప్రభుత్వానిది. రిజర్వ్ బ్యాంకు ద్వారా మాత్రమే అవి చలామణీలోకి వస్తాయి. 2011 నాణేల చట్టం నిర్వచనంలో రూపాయి కాగితపు నోటు కూడా 'నాణెం' కిందికే వస్తుంది. ఆ నోటు మీద గవర్నర్ సంతకం బదులు ఆర్థిక కార్యదర్శి సంతకం ఉండేది అందుకే.

అదే చట్టంలోని 6వ సెక్షన్ చాలామంది పట్టించుకోనిది. రూపాయి, అంతకంటే పెద్ద నాణేలు ఒకసారికి 1,000 రూపాయల వరకే చట్టబద్ధంగా చెల్లుతాయి. అర్ధ రూపాయలైతే 10 రూపాయల వరకు. అంటే మా ఇంటి దుప్పటి మీది మొత్తాన్ని ఎవరికైనా ఒక్కసారిగా ఇస్తే, వెయ్యి దాటిన భాగాన్ని తీసుకోనని అనే హక్కు వాళ్లకుంది. బరువు లెక్కలో చూస్తే ఈ పరిమితి సబబుగానే కనిపిస్తుంది. 2011 నమూనా రూపాయి నాణెం 3.79 గ్రాములు. వెయ్యి రూపాయలంటే 3.79 కిలోలు. పది రూపాయల నాణేలైతే వంద చాలు, 771 గ్రాములే.

నాణేలను కరిగించడం ఈ చట్టం కింద నేరం, ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. కానీ నాణెం తీసుకోనన్న దుకాణదారుకు ఇంత శిక్ష అని ఈ చట్టంలో ప్రత్యేక సెక్షన్ లేదు. కరిగించినవాడి మీద చట్టం చెయ్యి వేయగలదు, కాదన్నవాడి దగ్గర నమ్మకం మీదే ఆధారపడాలి.

మా ఊరి సంగతి ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. మన రూపాయి నాణెం ఫెర్రిటిక్ స్టెయిన్‌లెస్ స్టీలు: 83 శాతం ఇనుము, 17 శాతం క్రోమియం. అయస్కాంతం పెడితే అతుక్కుంటుంది. సెయిల్ సంస్థకే చెందిన రెండు కర్మాగారాల్లో మా భిలాయిలో రైలు పట్టాలు తయారైతే, తమిళనాడులోని సేలంలో ముద్ర పడని నాణేల బిళ్లలు తయారవుతాయి. ఆ బిళ్లల మీద ముద్ర కొట్టేవి ముంబయి, కోల్‌కతా, హైదరాబాద్, నోయిడా టంకశాలలు. సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాద్‌లో పుట్టిన నాణెం. నిజాం కాలంలో సైఫాబాద్‌లో నడిచిన ఆ టంకశాల ఇప్పుడు చర్లపల్లిలో ఉంది. మీ డబ్బా ఒంపినప్పుడు నక్షత్రాలు ఎన్ని ఉన్నాయో చూడండి.

మూడు కాళ్ల పీట

ఆర్థిక చరిత్రకారుడు కార్లో చిపోలా చిల్లర కొరతను 'పెద్ద సమస్య' అన్నాడు. నోబెల్ బహుమతి పొందిన థామస్ సార్జెంట్, ఫ్రాంస్వా వెల్డే కలిసి 2002లో ఆ మాటనే శీర్షికలో పెట్టి యూరప్ చిల్లర చరిత్రను ఒక పుస్తకంగా రాశారు. శతాబ్దాల తరబడి రాజ్యాలు చిల్లర కొరతతో ఎందుకు సతమతమయ్యాయన్నది వాళ్ల ప్రశ్న. చివరికి తేలిన పరిష్కారం మూడు ముక్కల్లో చెప్పవచ్చు. ఒకటి, చిన్న నాణేన్ని లోహం విలువతో ముడిపెట్టకుండా టోకెన్‌గా జారీ చేయాలి. రెండు, దాని మొత్తాన్ని ప్రభుత్వం అదుపులో ఉంచుకోవాలి. మూడు, ఎవరైనా ఎప్పుడైనా చిన్న నాణేలు తెచ్చిస్తే పెద్ద డబ్బుగా మార్చి ఇవ్వాలి.

మన పరిస్థితిని ఈ మూడు కాళ్ల మీద నిలబెట్టి చూద్దాం. మొదటి కాలు కొంచెం అరిగింది. 2018లో సమాచార హక్కు కింద టంకశాల ఇచ్చిన జవాబు ప్రకారం రూపాయి నాణెం తయారీకి 1.11 రూపాయలు, రెండు రూపాయలదానికి 1.28, ఐదుకు 3.69, పదికి 5.54 ఖర్చవుతుంది. రూపాయి దగ్గర ప్రభుత్వానికి నష్టమే. కాబట్టి ప్రతి ఇంట్లో 212 రూపాయి నాణేలు మూలనపడితే, వాటి లోటు పూడ్చడానికి ప్రభుత్వం మళ్లీ నష్టానికి కొట్టించాలి. ఆ నష్టం చివరికి పన్నులు కట్టే మనమీదే పడుతుంది.

రెండో కాలు, మొత్తాన్ని అదుపులో ఉంచుకోవడం. దీనికి 2018 జనవరి మంచి ఉదాహరణ. ఆ నెలలో నాలుగు టంకశాలల్లోనూ చలామణీ నాణేల ఉత్పత్తిని కొన్నాళ్లు ఆపమన్నారు. కారణం, గోదాములు నిండిపోవడం. 250 కోట్లకు పైగా నాణేలు రిజర్వ్ బ్యాంకు తీసుకెళ్లక టంకశాలల్లో పేరుకుపోయాయని అప్పట్లో వార్తలొచ్చాయి. బజారులో చిల్లర లేదు, టంకశాలలో పెట్టడానికి చోటు లేదు. ఉత్పత్తిలో లోటు లేకపోయినా కొరత ఉండవచ్చనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. లోటు పంపిణీలో, అంతకుమించి తిరుగు ప్రయాణంలో ఉంది.

మూడో కాలే అసలు విరిగినది. కాగితం మీద అది బాగానే ఉంది. చిన్న నోట్లనూ నాణేలనూ ఏ శాఖా కౌంటరులో తిరస్కరించకూడదని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు పదే పదే చెప్పింది. 2018 ఫిబ్రవరిలో ఇంకొంచెం ముందుకెళ్లి, రూపాయి, రెండు రూపాయల నాణేలను తూకం వేసి తీసుకోవచ్చని, వందేసి చొప్పున పాలిథిన్ సంచుల్లో కట్టి ఇస్తే మరీ సౌకర్యమని కూడా సూచించింది. ఆచరణలో ఏం జరుగుతుందో చిల్లర మూటతో బ్యాంకుకు వెళ్లినవాళ్లకు తెలుసు. "సోమవారం రండి", "క్యాషియర్ ఒక్కరే ఉన్నారు", "మీకు ఈ శాఖలో ఖాతా ఉందా" అంటారు. క్యాషియర్‌ని తిట్టి లాభం లేదు. ఎదురుగా ముప్పై మంది నిలబడి ఉంటే 447 నాణేలు ఎవరు లెక్కపెడతారు?

తూకం ఉపాయం కూడా అనుకున్నంత తేలిక కాదు. ఇక్కడ నా ఇంజినీరింగ్ కాస్త పనికొచ్చింది. పాత స్టీలు రూపాయి 4.85 గ్రాములు. 2011 నమూనా రెండు రూపాయలదీ 4.85 గ్రాములే, వ్యాసం కూడా రెండింటిదీ 25 మిల్లీమీటర్లే. 2011 రూపాయి పరిమాణం పాత అర్ధ రూపాయిది. అంటే నమూనాలు కలిసిపోయిన సంచిని తూచితే లెక్క తప్పుతుంది. ముందు నమూనాల వారీగా విడదీయాలి, ఆ తర్వాతే త్రాసు. ఈ విడదీసే పని ఇంట్లో చేస్తే అరగంట, బ్యాంకు కౌంటరులో చేస్తే గొడవ. 2019 మార్చిలో విడుదలైన కొత్త వరుసలో చూపులేనివాళ్లు కూడా గుర్తుపట్టేలా విలువ పెరిగేకొద్దీ పరిమాణం పెరిగేట్టు చేశారు. మంచి నిర్ణయమే. పాతవి చలామణీలో ఉన్నంతకాలం ఆ తికమక పూర్తిగా పోదు.

పది రూపాయల నాణెం, పుకారు ఖరీదు

దుప్పటి మీది చిల్లరను బ్యాంకుకు కాకుండా బజారుకే తిరిగి పంపాలని అనుకున్నాను. సుపేలా ఆదివారం బజారుకు నాలుగు వారాలు చిల్లర సంచితో వెళ్లాను. రూపాయలు, రెండు రూపాయలు ఇస్తే కూరలమ్మేవాళ్లు సంతోషంగా తీసుకున్నారు. ఒకాయన వంద రూపాయల నోటిచ్చి చిల్లర మొత్తం తనకే ఇమ్మని అడిగాడు. పది రూపాయల నాణెం తీయగానే మాత్రం మొహాలు మారాయి. "యే నహీ చలేగా, భయ్యా" అన్నారు. ఇది నకిలీ అనుకుంటున్నావా అని ఒక ముసలాయన్ని అడిగాను. ఆయన చెప్పింది విన్నాక నా వ్యాసం దిశే మారింది. "నకిలీ కాదని నాకు తెలుసు బాబూ. నేను తీసుకుంటా. తెల్లవారి మండీలో నా దగ్గర ఎవడు తీసుకుంటాడు?" అన్నాడాయన.

దీన్ని సమన్వయ వైఫల్యం అంటారు. నాణెం మంచిదేనని అందరికీ తెలిసినా, ఎదుటివాడు నమ్మడని అందరూ నమ్మితే అది చెల్లదు. 2016 నవంబరులో, మళ్లీ 2018 జనవరిలో రిజర్వ్ బ్యాంకు ప్రకటనలిచ్చింది. పది రూపాయల నాణేలు 14 నమూనాల్లో వచ్చాయనీ అన్నీ చెల్లుతాయనీ చెప్పింది. వివరాలు వినడానికి 14440 నంబరు పెట్టింది. ప్రకటన నిజం చెప్పింది. కానీ ఆ ముసలాయనకు కావలసింది నాణెం గురించిన నిజం కాదు, మండీవాడి గురించిన భరోసా. కౌటిల్యుడి రూపదర్శకుడు చేసే పని ఇదే. మన వ్యవస్థలో ఆ కుర్చీ ఖాళీగా ఉంది.

దీని ఖరీదు ఎవరు కడుతున్నారో చూడండి. నా దగ్గరున్న 23 నాణేలు చెల్లకపోతే 230 రూపాయలు డబ్బాలో పడి ఉంటాయి, నా చదువు ఆగదు. గోనెపట్టా మీద కూర్చునే మనిషి దగ్గర అవే 23 నాణేలు ఇరుక్కుంటే మర్నాటి సరుకులో కొంత తగ్గుతుంది. ఇళ్లల్లో పనిచేసే ఆవిడకు జీతంలో భాగంగా ఆ నాణేలే ఇచ్చి పంపేవాళ్లు కూడా ఉన్నారు. తాము చెల్లించుకోలేని నాణేన్ని కాదనలేని మనిషి చేతిలో పెట్టడమన్నమాట. జీఎస్-4లో అధికార అసమానతకు ఉదాహరణ వెతుక్కునేవాళ్లు దూరం వెళ్లక్కర్లేదు.

ఫోన్ ఉండగా చిల్లర ఎందుకు?

ఇక్కడ ఎదురు వాదన బలంగానే ఉంది, తప్పించుకోకూడదు. 2016 ఏప్రిల్‌లో యూపీఐ మొదలైంది. ఏడు రూపాయల టీకి ఏడు రూపాయలే పంపవచ్చు. చాక్లెట్ బాధ లేదు. నాణేల మొత్తం విలువ చలామణీలో ఉన్న నోట్ల విలువలో ఒక శాతం కూడా ఉండదు. కెనడా 2013 ఫిబ్రవరిలో ఒక సెంటు నాణెం పంపిణీ ఆపేసి, నగదు బిల్లులను ఐదు సెంట్లకు సర్దుకోమంది, కొంపలేం మునగలేదు. మనమూ చిల్లరను మెల్లగా సాగనంపవచ్చు కదా?

నా జవాబు రెండు భాగాలు. ఫోన్ చెల్లింపు చిల్లర అవసరాన్ని తగ్గించిన మాట నిజం. కానీ మిగిలిన అవసరం ఎవరిదో చూడాలి. పింఛను డబ్బుతో మందులు కొనే ముసలివాళ్లు, బడి దగ్గర జామకాయ కొనే పిల్లలు, ఖాతా మొగుడి ఫోన్‌కు ముడిపడిన ఇల్లాలు, సిగ్నల్ సరిగా లేని బస్తర్ సంతల్లో ఇప్పపువ్వు అమ్మే గిరిజనులు. అవసరం తగ్గేకొద్దీ అది బలహీనుల దగ్గరే పేరుకుంటుంది. సంఖ్య తగ్గిందని వాళ్లను వదిలేయడం ప్రజాపాలన అనిపించుకోదు.

రెండో భాగం ధరల సంగతి. రూపాయి, రెండు రూపాయలు దొరకని చోట ధర మెట్లు పెద్దవవుతాయి. టీ ఐదు నుంచి ఆరుకు, ఏడుకు పెరిగే అవకాశం లేక ఒకేసారి పదికి దూకుతుంది. కెనడా సర్దుబాటుకు నియమం పెట్టింది, పైకీ కిందికీ రెండు వైపులా సర్దింది. మన బజారులో నియమం లేదు, సర్దుబాటు ఎప్పుడూ కొనేవాడి వైపు నుంచే. మూడు రూపాయలు వదులుకోవడం అలవాటైన మనలాంటివాళ్లకు అది కనబడదు. రోజుకు నాలుగుసార్లు వదులుకోవాల్సి వచ్చే కూలీకి నెల తిరిగేసరికి 360 రూపాయలు.

డబ్బాలో రూపాయి, సంఘంలో రూపాయి

మరొక అభ్యంతరం మా అమ్మ చెప్పింది. "పైసా పైసా కూడబెట్టడం తప్పంటావేంట్రా?" అని. పిల్లలకు డిబ్బీ ఇవ్వడం, ఇక్కడివాళ్ల భాషలో గుల్లక్ ఇవ్వడం, పొదుపు నేర్పడానికే కదా అంది. ఆవిడ ప్రశ్నకు జవాబు నెల్లూరు జిల్లాలో ఉంది.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం రాత్రి బడుల్లో ఆడవాళ్లను ఒకచోట చేర్చింది. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించారు. ఆ సెగ రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారి తీసింది. సారాకు పోయే రూపాయి ఇంట్లో మిగలడం మొదలైంది. ఆ మిగిలిన రూపాయిని నెల్లూరు మహిళలు డబ్బాలో వేయలేదు. రోజుకు రూపాయి చొప్పున సంఘంలో వేశారు. 'పొదుపు లక్ష్మి' పేరుతో మొదలైన ఆ సంఘాలే తర్వాత డ్వాక్రా సంఘాల విస్తరణకు పునాది. 1992లోనే నాబార్డు 500 స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో అనుసంధానం చేసే ప్రయోగం మొదలుపెట్టింది. చిల్లర రూపాయికి బ్యాంకు తలుపు తెరుచుకుంది.

తేడా గమనించండి. డబ్బాలో రూపాయి ఒంటరిగా పడి ఉంటుంది. సంఘంలో రూపాయి పుస్తకంలో లెక్కకెక్కుతుంది, పక్కింటావిడ కానుపు ఖర్చుకు అప్పుగా వెళ్తుంది, వడ్డీతో తిరిగొస్తుంది. నాణెం ప్రవాహంలోనే ఉంటూ పొదుపుగానూ మారింది. కాబట్టి పిల్లలకు డిబ్బీ ఇవ్వడం మంచిదే, మూడు నెలలకోసారి పగలగొట్టి వాళ్ల పేరు మీదున్న ఖాతాలో వేసేటట్టయితే. పగలగొట్టని డిబ్బీ దాచడాన్ని మాత్రమే నేర్పుతుంది.

ఏం చేయాలి?

ఇల్లు: చిల్లరకు నాలుగు చోట్లు కాకుండా ఒకే చోటు పెట్టుకోవాలి. నెలకోసారి నమూనాల వారీగా విడదీసి, వందేసి కట్టాలి. బజారుకు వెళ్లేటప్పుడు పర్సులో పది నాణేలు ఉండాలి, తిరిగి వచ్చేసరికి అవి ఉండకూడదు. మేమిప్పుడు చేస్తున్నది ఇదే. వీధి చివరి కిరాణా కొట్టతను నెలకోసారి వందల కట్టలు తీసుకుని నోట్లిస్తున్నాడు. అతనికీ అవసరమే, మాకూ అవసరమే, మధ్యలో బ్యాంకు అక్కర్లేకపోయింది. పది రూపాయల నాణేలను మాత్రం పనిమనిషి చేతిలో పెట్టకండి. మీరే చెల్లించగల చోట చెల్లించండి.

బ్యాంకు: కౌంటరు వరసలో కాకుండా నెలలో రెండు నిర్ణీత రోజులు నాణేలకే కేటాయించాలి. లెక్కించే యంత్రం ప్రతి శాఖకూ అక్కర్లేదు, పట్టణానికి రెండు మూడు చాలు. 2023 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంకు 12 నగరాల్లో 19 చోట్ల క్యూఆర్ కోడ్‌తో నాణేలిచ్చే యంత్రాలను ప్రయోగాత్మకంగా పెడతామని ప్రకటించింది. ఫోన్‌తో చెల్లిస్తే నాణేలొస్తాయి. ఆలోచన బాగుంది, కానీ ఇది ఒకవైపు దారి మాత్రమే. నాణేలు పోస్తే ఖాతాలో జమచేసే యంత్రం కూడా దాని పక్కనే ఉండాలి. ఒక ఇంటి నిల్వే మరో దుకాణం సరఫరా అవుతుంది, టంకశాల మీద భారం తగ్గుతుంది.

ప్రభుత్వం: పుకారుకు విరుగుడు ప్రకటన కాదు, ఆచరణ. బస్సు కండక్టరు, కరెంటు బిల్లు కౌంటరు, రేషన్ దుకాణం, తపాలా కార్యాలయం, పురపాలక పన్నుల కౌంటరు పది రూపాయల నాణెం అడక్కుండానే తీసుకోవాలి, చిల్లరగా తిరిగి ఇవ్వాలి. కూరగాయల మండీలో లైసెన్సున్న వ్యాపారులు తీసుకోవాలని మండీ సంఘం ద్వారా చెప్పించాలి. గొలుసులో మండీ లింకు బిగిస్తే, ఆ ముసలాయన లింకు తనంతట తనే బిగుస్తుంది. జిల్లా కలెక్టరుకు ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త బడ్జెట్ అక్కర్లేదు. ఒక సమావేశం, ఒక నెల పట్టుదల చాలు.

ముగింపు

రాజ్యం పౌరుడికిచ్చే హామీల్లో అతి చిన్నది రూపాయి నాణెం. దాని మీద అశోక స్తంభం సింహాలున్నాయి. ఆ హామీ సుపేలా బజారులో చెల్లకపోతే, పెద్ద హామీల మీద ఆ మనిషికి నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది? మనలో కొందరం రేపు ఏదో ఒక జిల్లాలో కుర్చీలో కూర్చుంటాం. అప్పటిదాకా మన చేతిలో ఉన్న పని, ఇంట్లో డబ్బా మూత తీయడం.

సాధన ప్రశ్న (250 పదాలు, 15 మార్కులు): "నాణేల కొరత ఉత్పత్తి సమస్య కంటే తిరుగు ప్రవాహ సమస్య." నాణేల చట్టం 2011, రిజర్వ్ బ్యాంకు మార్గదర్శకాలు, అసంఘటిత రంగంపై ప్రభావం దృష్ట్యా చర్చించండి. మీ జవాబుల్లో మీ ఊరి బజారు ఉదాహరణ ఒకటి తప్పకుండా ఉండాలి.